చౌడు మడిలో వరికి సిలికాన్: ఊక బూడిదా, బస్తా గుళికలా, సీసా మందా?

కృష్ణా డెల్టా కొసన నాగాయలంక, కోడూరు వైపు, ఇటు రేపల్లె, నిజాంపట్నం వైపు కాలువ నీళ్లు ఆలస్యమైన ఏడాది మడిలో ముందుగా తెలిసేది ఆకు కొసన. కొస తెల్లబడి, సన్నగా చుట్టుకుని, కిందికి ఎండుతూ వస్తుంది. పొలమంతా ఒకేలా ఉండదు. గట్టు వార, మెరక మీద మచ్చలు మచ్చలుగా పైరు గిడసబారుతుంది. అప్పుడు కొట్టుకు వెళ్తే జింకు, జిప్సం, ఏదో టానిక్‌తో పాటు ఇప్పుడు సిలికాన్ కూడా చేతిలో పెడుతున్నారు. సీసాలోది ఒకటి, గుళికల బస్తా ఒకటి, తెల్లపొడి ఇంకొకటి. మిల్లు దగ్గర ఊక బూడిద ఊరికే పడి ఉంటుంది. ఇంటి ముందు గడ్డి వామి ఉండనే ఉంది.

ఉప్పు నేలలో వరికి సిలికాన్ మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. డబ్బు పోయేది తప్పు రూపంలో, తప్పు నేలలో, తప్పు పైరుకు వాడినప్పుడు.

వేరు దగ్గర జరిగేది

వరి వేరులోకి ఉప్పులోని సోడియం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కణాల్లోంచి, మొక్క అదుపులో ఉండే దారి. రెండోది కణాల సందుల్లోంచి. పిల్ల వేర్లు పగిలి బయటికి వచ్చే చోట్ల, వేరు కొసల దగ్గర గోడలు పూర్తిగా బిగుసుకోవు. ఆ సందుల్లోంచి ఉప్పు నీరు నేరుగా లోపలి గొట్టాల్లోకి కారిపోతుంది. ఉప్పు నేలలో వరి ఆకుకు చేరే సోడియంలో పెద్ద వాటా ఈ కారుడుదే. వేరు పై పొరలోనూ, లోపలి కాపలా పొరలోనూ సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన గట్టి పదార్థం) పేరుకుంటే ఆ సందులు బిగుస్తాయి, ఆకుకు చేరే సోడియం తగ్గుతుంది. ఆకు పైపొర కింద పేరుకున్న సిలికా నీటి ఆవిరిని కొంత ఆపుతుంది. అంటే వేరు పీల్చే ఉప్పు నీరూ తగ్గుతుంది. సోడియం తగ్గిన కొద్దీ పొటాషియం పాలు పెరుగుతుంది.

వరి ఈ పని ఇంత బాగా చేయడానికి కారణం దాని వేర్లలో సిలికాన్ కోసమే ఉన్న ద్వారాలు. జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం 2006లో మొదటి ద్వారాన్ని, ఎల్‌ఎస్‌ఐ1 అనే జన్యువును గుర్తించింది. మరుసటి ఏడాది రెండోది దొరికింది. ఈ ద్వారాల వల్లే వరి గడ్డి ఎండు బరువులో 10 శాతానికి పైగా కూడా సిలికా ఉండగలదు. చెరకు, జొన్న, మొక్కజొన్న కూడా బాగానే తీసుకుంటాయి. దోస జాతి మధ్యరకం. టమాటా దాదాపు తీసుకోదు. మిరప, వంగ కూడా దాని దారిలోనే ఉంటాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మొక్క తీసుకునేది నీళ్లలో కరిగిన మోనో సిలిసిక్ ఆమ్లాన్ని మాత్రమే. గోదావరి ఇసుకలో సిలికాకు కొదవా? ఎకరానికి లారీ ఇసుక తోలినా మొక్కకు చిటికెడు కూడా అందదు, అది కరగదు కాబట్టి. అందుకే బస్తా మీద "మొత్తం సిలికా 65 శాతం" అని రాసి ఉంటే దాన్ని బట్టి ఏమీ తేలదు. అందులో మొక్కకు అందేది ఎంతో రాసి ఉండాలి. అది రాయని బస్తాను పక్కన పెట్టేయవచ్చు.

ముందు నేల సంగతి

తెల్ల చౌడు, కారు చౌడు ఒకటి కావు. తెల్ల చౌడులో కరిగే లవణాలు ఎక్కువ, పీహెచ్ 8.5 లోపు, ఎండాకాలంలో నేల మీద తెల్లటి పొర. మంచి నీళ్లు కట్టి, మురుగు కాలువ తెరిచి తీసేస్తే ఉప్పు పోతుంది. కారు చౌడులో మట్టికి అంటుకున్న సోడియం ఎక్కువ, పీహెచ్ 8.5 పైన. తడిస్తే జిగురు, ఎండితే రాయి, నీరు ఇంకదు. దానికి భూసార పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి, జీలుగ పెంచి కలియదున్నాలి. ఈ రెండు పనులకూ సిలికాన్ ప్రత్యామ్నాయం కాదు. అది నేలలో ఉన్న ఉప్పును ఒక్క గ్రాము కూడా తీయదు.

ఎంత ఉప్పు వరకు సిలికాన్‌కు ఖర్చు పెట్టొచ్చు? నేలలో కరిగిన ఉప్పును చూపే అంకె ఈసీ (విద్యుత్ వాహకత). మట్టిని నీటితో ముద్దగా తడిపి చూసే సంతృప్త ముద్ద పద్ధతిలో ఈసీ మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటాక, ప్రతి ఒక్క యూనిట్‌కూ వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుందన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. ఈసీ 5 అంటే పావు వంతు నష్టం. సిలికాన్‌కు చోటు ఉన్నది ఇక్కడే, 3 నుంచి 6 మధ్య. 8 దాటిన మడిలో సగానికి పైగా పోయే పంటకు సీసాలు కొనడం కంటే మురుగు కాలువ పూడిక తీయించడం, మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం 100, ఎంసీఎం 103 లాంటి ఉప్పును తట్టుకునే రకాలు వేయడం మేలు.

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మన పరీక్షా కేంద్రాలు ఎక్కువగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీళ్లు కలిపి ఈసీ చూస్తాయి. పలచబడ్డ నీటి అంకె కాబట్టి తక్కువ వస్తుంది. నల్లరేగడిలో ముద్ద పద్ధతి అంకె దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది, బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో ఇంకా ఎక్కువ. కార్డు మీద 1.5 చూసి "మన నేలకేం" అనుకుంటే, ఆ మడి వేరు దగ్గర 4 ఉండవచ్చు. ఏ పద్ధతిలో చూశారో అడిగి రాయించుకోండి.

వరిగడ్డి: చేతిలో ఉన్నదే

డెల్టా వరికి నా మొదటి ఓటు దీనికే. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి వస్తే, అందులో 5 శాతం సిలికాన్ ఉన్నా 125 కిలోలు. ఏ బస్తా మందూ ఈ అంకె దరిదాపుల్లోకి రాదు. పైరు పీల్చిన సిలికాన్‌లో ఎక్కువ భాగం గడ్డిలో, ఊకలో ఉంటుంది. గింజ బియ్యంగా బయటికి పోయినా గడ్డి మడిలోనే ఉంటే సిలికాన్ చాలావరకు తిరిగి వచ్చినట్టే.

ఉప్పు మడిలో గడ్డికి ఇంకో పని కూడా ఉంది. వరి, ఆ తర్వాత మినుము కోసేశాక ఏప్రిల్, మే నెలల్లో నేల బోసిగా ఉంటే కింది ఉప్పు నీరు పైకి ఎగబాకి, ఆవిరై, ఉప్పును పైన వదులుతుంది. గడ్డి పరిచి ఉంచితే ఆ ఆవిరి తగ్గుతుంది. కోత యంత్రం బారులుగా వదిలిన గడ్డిని మినుము కోశాక పలచగా చిమ్మి ఉంచి, తొలకరికి కలియదున్నడం రెండు పనులూ చేస్తుంది. పశువులకు గడ్డి కావాలంటే వామి వేసుకోక తప్పదు. అప్పుడు ఆ పేడ ఎరువును ఉప్పు మచ్చల మీదకే తోలండి, పశువు తిన్న గడ్డిలోని సిలికాలో ఎక్కువ పాలు పేడలోకే వస్తుంది.

తప్పు జరిగేది సమయం దగ్గర. నాట్లకు వారం ముందు పచ్చి గడ్డి దున్ని నీళ్లు పెడితే, కుళ్లే గడ్డి నత్రజనిని తాను పట్టుకుంటుంది. నీటి అడుగున కుళ్లిన గుడ్డు వాసన గ్యాసు పుడుతుంది, వేర్లు నల్లబడతాయి, పైరు పచ్చ తగ్గి పసుపెక్కుతుంది. రైతు దాన్ని ఉప్పు దెబ్బ అనుకుంటాడు. కనీసం మూడు, నాలుగు వారాల ముందు దున్నాలి. మొదటి దఫా యూరియాను వాయిదా వేయకూడదు.

కాల్చితే సిలికా గాలిలో కలిసిపోదు, బూడిదలో ఉంటుంది. కానీ నత్రజని పోతుంది, గడ్డి బారుల కిందే బూడిద గుట్టపడి మిగతా మడికి అందదు, పరిచిన గడ్డి వేసవిలో చేసే పని ఉండనే ఉండదు. ఒక్క లోపం చెప్పుకోవాలి: గడ్డిలోని సిలికా మెల్లగా కరుగుతుంది. మొదటి పంటకే తేడా చూడాలనుకుంటే గడ్డి ఒక్కటే చాలదు.

ఊక బూడిద: రంగు చూసి తోలుకోండి

టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, దాన్ని పూర్తిగా కాలిస్తే 40 కిలోల బూడిద, అందులో 85 నుంచి 95 శాతం సిలికా. అంకె బాగానే ఉంది. అయితే కాలిన వేడి ఎంత అన్నదే అసలు సంగతి. 700 డిగ్రీల లోపు కాలితే సిలికా గాజులా అస్తవ్యస్తంగా ఉండి కరుగుతుంది. అంతకు మించితే స్ఫటికంగా మారి ఇసుక లాగే మొండికేస్తుంది. మిల్లు బాయిలర్ బూడిదలో రెండు రకాలూ కలిసి ఉంటాయి. నల్లగా, చేతిలో నలిపితే మెత్తగా పొడి అయ్యేది తీసుకోండి. తెల్లగా, గరగరలాడేది వదిలేయండి. తోలేటప్పుడు, చల్లేటప్పుడు ముక్కుకు తప్పనిసరిగా మాస్కు కట్టాలి. స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది.

నమ్మకమైన నల్ల బూడిద కావాలంటే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. పాత నూనె డబ్బాకు నాలుగు వైపులా మేకుతో చిల్లులు పొడిచి, పైన రేకు గొట్టం పెట్టి, లోపల నిప్పు వేసి, డబ్బా చుట్టూ గొట్టం మొదలు దాకా ఊక పోయాలి. నిప్పు డబ్బాలో ఉంటుంది, ఊక మంట లేకుండా లోపలి నుంచి నల్లబడుతూ వస్తుంది. నలుపు పైకి తేలిన చోటల్లా పారతో తిరగేస్తూ ఉండాలి. గుట్టంతా నల్లబడగానే పలచగా చిమ్మి నీళ్లు చల్లి ఆర్పేయాలి. కాసేపు ఏమరితే తెల్లబడి బూడిదైపోతుంది. రాత్రికి అలా వదిలి పడుకుంటే తెల్లారేసరికి మిగిలేది తెల్ల బూడిదే.

దీన్ని ఎక్కడ వాడాలి? నారుమడిలో. వరి మొలక ఉప్పును కొంత తట్టుకుంటుంది. లేత నారు తట్టుకోదు, మళ్లీ అంకురం, పూత దశల్లో తట్టుకోదు. ఎకరా నాటుకు కావలసిన 5 సెంట్ల నారుమడి 200 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు అర కిలో లెక్కన 100 కిలోలు చాలు. విత్తడానికి పది రోజుల ముందు కలిపి, ఒకసారి నీళ్లు పెట్టి తీసేయాలి. బూడిదలోనూ కరిగే లవణాలు ఉంటాయి, అవి ఆ నీటితో పోతాయి. ఆ ఒక్క తడి మానేసి నేరుగా బూడిద మీద విత్తితే మొలక కొసలు మాడతాయి. ఎకరా మొత్తానికి ఇదే మోతాదు అంటే రెండు టన్నులు. మిల్లు పక్కనే ఉంటే తప్ప ఆ తోలుడు ఖర్చు గిట్టదు.

కాల్షియం సిలికేట్, డయాటమైట్ పొడి

జపాన్ 1955లోనే ఉక్కు కర్మాగారాల స్లాగ్‌ను (లోహం తీశాక మిగిలే చిట్టాన్ని) వరికి ఎరువుగా గుర్తించింది. అమెరికాలో ఫ్లోరిడా చెరకు రైతులు కాల్షియం సిలికేట్ స్లాగ్‌ను టన్నుల లెక్కన వాడారు. అవి చూసి ఇక్కడి డెల్టాలో పోసేయకండి. వాళ్లవి సిలికా కొట్టుకుపోయిన నేలలు, పుల్లటి నేలలు, కుళ్లిన ఆకు నేలలు. కాల్షియం సిలికేట్ సున్నం లాంటిది, పీహెచ్ పెంచుతుంది. 8 పైన ఉన్న నల్లరేగడిలో అది కరగడమే తక్కువ. పైగా పీహెచ్ 9 దగ్గరకు వచ్చేకొద్దీ కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని మట్టిలోని ఇనుము ఆక్సైడ్లు గట్టిగా పట్టుకుంటాయి. కారు చౌడులో కాల్షియం కావాలంటే జిప్సమే కొనండి. ఉత్తరాంధ్ర ఎర్ర, పుల్ల నేలల్లో మాత్రం కాల్షియం సిలికేట్‌కు అర్థం ఉంది. గుళికల రూపంలో ఎకరాకు 50 నుంచి 80 కిలోలు ఆఖరి దుక్కిలో వేస్తారు. స్లాగ్ అయితే భార లోహాల పరీక్ష కాగితం లేకుండా తీసుకోవద్దు.

డయాటమైట్ అంటే సిలికా గుల్లలున్న సూక్ష్మ నాచుల శిలాజం. స్ఫటికం కాదు, సోడియం కలవదు, పీహెచ్‌ను పెద్దగా కదపదు. చౌడు నేలకు ఇబ్బంది లేనిది, కానీ నిదానం. మన దేశంలో వరి మీద చేసిన ప్రయోగాల్లో ఎకరాకు 60 నుంచి 240 కిలోల దాకా వాడారు. నాటాక మడి మీద చల్లితే ఆ పంటకు అందేది తక్కువ, ఆఖరి దమ్ములో కలపాలి. గడ్డి దక్కని, బూడిద దొరకని మడికి ఇది రెండో మాట. కాల్చి అమ్మే డయాటమైట్ కూడా ఉంది, వడపోతలకు వాడేది. అధిక వేడికి అందులో స్ఫటికాలు ఏర్పడతాయి, పొలానికి అది వద్దు.

సీసా మందు: లెక్క వేసి చూడండి

ఆర్థో సిలిసిక్ ఆమ్లం (మోనో సిలిసిక్ ఆమ్లానికే ఇంకో పేరు) 2 శాతం ఉన్న సీసా అనుకుందాం. లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున, ఎకరాకు 200 లీటర్ల పిచికారీ. వాడేది 400 మి.లీ. అందులో ఆర్థో సిలిసిక్ ఆమ్లం 8 గ్రాములు, దానిలో సిలికాన్ రెండు గ్రాముల పైచిలుకు. మూడుసార్లు కొట్టినా ఏడు గ్రాములు. ఎకరా వరి తనకు తానుగా వేర్ల ద్వారా తీసుకునేది వంద కిలోల పైన.

కాబట్టి పిచికారీని సిలికాన్ ఎరువు అనుకుంటే మోసపోతారు. వేరు సందులు బిగించేంత సిలికా ఆకు మీద నుంచి రాదు. ఆకు మీది పిచికారీ మొక్క రక్షణ ఎంజైములను మేల్కొల్పే బయోస్టిమ్యులెంట్‌లా కొంత పనిచేస్తుందని ప్రయోగాలు చూపాయి. ఆ మాటకు ఎంత విలువ ఇస్తారో అంతే ఖర్చు పెట్టండి. వాడితే పిలకల దశలో ఒకసారి, చిరుపొట్టకు ముందు ఒకసారి. ఆకులు ఎండిపోయాక కొట్టిన మందు దుకాణానికే లాభం. నానో సిలికా పేరుతో వచ్చే వాటికీ ఇదే లెక్క. రేణువు ఎంత చిన్నదైనా అది కరిగి ఆమ్లంగా మారితేనే వేరు తీసుకుంటుంది.

పొటాషియం సిలికేట్: మంచిది, కలపడం తెలియాలి

సిలికాన్‌తో పాటు సోడియానికి పోటీ ఇచ్చే పొటాషియం కూడా ఇస్తుంది. వరి ఎకరాకు నేలలో వేయడానికి ఖరీదైన వ్యవహారం. దీని అసలు చోటు పాలీహౌస్ కీర దోస, కొబ్బరి పొట్టు సంచుల్లో పెంచే పంటలు, ఉప్పు బోరు నీటితో నడిచే డ్రిప్ పందిరి కూరగాయలు.

దీని పీహెచ్ 11 పైన. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్, జింక్ సల్ఫేట్ ఏది తగిలినా తెల్లటి తరకలుగా విరుగుతుంది, కొన్నిసార్లు మొత్తం జెల్లీ కడుతుంది. డ్రిప్పర్లలో ఒకసారి సిలికా గట్టిపడితే డ్రిప్ శుభ్రం చేయడానికి వాడే ఆమ్లంతో కూడా పోదు, లాటరల్ (డ్రిప్పర్లున్న సన్న పైపు) మార్చాల్సిందే. అందుకని ఎరువుల ట్యాంకులు రెండుంటే దీనికి మూడోది పెట్టాలి. మిశ్రమ ట్యాంకును మూడొంతులు నీటితో నింపి, సిలికేట్‌ను విడి బకెట్‌లో పదిరెట్లు నీటితో పలచన చేసి, కలియబెడుతూ సన్న ధారగా పోయండి. తర్వాత నైట్రిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్ 6 దగ్గరకు దించండి. ఎరువులు ఆఖరున. ఈ వరస తిరగబడితేనే తరకలు.

మోతాదు: 25 శాతం సిలికా ఉన్న ద్రవం వెయ్యి లీటర్లకు 240 గ్రాములు కలిపితే లీటరుకు 60 మి.గ్రా. సిలికా. దోసకు 100 మి.గ్రా. వరకు పోవచ్చు. 120 దాటితే సిలిసిక్ ఆమ్లం తనలో తాను గొలుసు కట్టుకుని వేరుకు పనికిరాకుండా పోతుంది, ఎక్కువ పోస్తే ఎక్కువ లాభం అనుకోవద్దు. మొదటిసారి కలిపే ముందు మీ బోరు నీటితోనే గాజు గ్లాసులో చూడండి: అదే పాళ్లలో కలిపి గంట ఉంచితే అడుగున మబ్బులా దిగితే ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉన్నట్టు. ముందు నీటి పీహెచ్‌ను ఆమ్లంతో కొంత దించి మళ్లీ ప్రయత్నించండి.

వరి మీద పిచికారీగా కొట్టేవాళ్లు చేసే తప్పు, జింక్ సల్ఫేట్‌తో కలిపి ఒకే ట్యాంకులో పోయడం. చౌడులో జింకు లోపం కూడా తోడవుతుంది కాబట్టి ఆ ఆశ సహజమే. రెండింటికీ మధ్య నాలుగైదు రోజులు ఎడం ఇవ్వండి. కొట్టిన వెంటనే పంపును మంచి నీళ్లతో కడగాలి. నాజిల్‌లో ఎండిన సిలికేట్ గాజు పొర.

చవకగా దొరికే సోడియం సిలికేట్‌ను పొటాషియం సిలికేట్ బదులు వాడొచ్చా అని అడుగుతుంటారు. సబ్బులకు, అట్టపెట్టెల జిగురుకు వాడే మామూలు రకంలో సోడియం ఆక్సైడ్ 9 శాతం దగ్గర ఉంటుంది. వంద కిలోలు పోస్తే ఆరున్నర కిలోలకు పైగా సోడియం మీ చేత్తో మీరే మడిలో పోసినట్టు. ఉప్పు మడికి వద్దు, ఎంత చవకైనా.

మిరప, టమాటా, వేరుశనగ వేసేవాళ్లకు

వీటికి సిలికాన్ మీద పెట్టే డబ్బు వెనక్కి రావడం కష్టం. మట్టి లేకుండా ఉప్పు నీటిలో పెంచిన హైడ్రోపోనిక్ ప్రయోగాల్లో టమాటా ఆకుల్లో నీరు నిలిచి ఎదుగుదల మెరుగైన మాట నిజమే, కానీ అక్కడ వేరు చుట్టూ కరిగిన సిలికా ఎప్పుడూ ఉంటుంది. పొలంలో అది కుదరదు. మిరప 1.5 ఈసీ దగ్గరే తగ్గడం మొదలుపెడుతుంది. దానికి కావలసింది తక్కువ ఉప్పు నీరు. బాపట్ల తీరపు ఇసుకలో ఉప్పు నీటి మీద తేలే మంచి నీటి పొరను పైపైన తోడే దొరువులు అందుకే పుట్టాయి. బాపట్ల పరిశోధన కేంద్రం వాటినే మెరుగుపరిచింది. లోతు బోరు వేసి ఉప్పు నీరు తోడి, ఆపైన సిలికాన్ సీసా కొనడం రెండు ఖర్చులు.

ఏది ఎంచుకున్నా మొదటి ఏడాది మడి అంతటికీ వేయకండి. ఒకే రకం మచ్చలో అయిదు సెంట్లు వేయకుండా వదలండి, మధ్యలో గట్టు కట్టండి, లేకపోతే నీటితో పాటు మందు కూడా అటు పోతుంది. పైరు పచ్చదనం చూసి తీర్పు చెప్పొద్దు, కోతకు ముందు రెండు వైపులా ఇరవై వెన్నులు కోసి తాలు గింజలు విడిగా లెక్కపెట్టండి.